రాత వదిలేసింది గీత తేల్చాలి: బొమ్మల పుస్తకాల్లో క్రీడాకారుల జీవితకథలు

క్లుప్తంగా: పిల్లల బొమ్మల పుస్తకంలో క్రీడాకారుల జీవితం చెప్పేటప్పుడు అక్షరాలకన్నా బొమ్మలే ఎక్కువ సంగతులు చెబుతాయి. జెర్సీ రంగు, బంతి రూపం, పరుగు దిక్కు, కాలికి బూటు ఉందా లేదా... వాక్యం చూసీచూడనట్టు దాటేసే ప్రతి వివరాన్నీ బొమ్మ ఏదో ఒకటిగా తేల్చాల్సిందే. పొరపాట్లు ఎక్కడ పుడతాయి, చిత్రకారులు వాటిని ఎలా దాటుతారు, ఫొటోల హక్కులు, కృత్రిమ మేధ ఈ పనిని ఎటు తీసుకెళ్తున్నాయి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

1958 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో పదిహేడేళ్ల పెలే రెండు గోల్స్ కొట్టాడు. ఆతిథ్య జట్టు స్వీడన్‌ను బ్రెజిల్ 5-2తో ఓడించింది. జీవితకథ రాసేవాళ్లకు ఈ రెండు వాక్యాలు చాలు, తర్వాతి పేరాకు వెళ్లిపోవచ్చు. అదే పేజీకి బొమ్మ వేసేవాళ్లకు అసలు పని ఇక్కడే మొదలవుతుంది. బ్రెజిల్ అనగానే చెయ్యి పసుపు రంగు మీదికి పోతుంది. కానీ స్వీడన్ రంగు కూడా పసుపే కావడంతో ఆ రోజు బ్రెజిల్ నీలం జెర్సీలతో ఆడింది. ఫుట్‌బాల్ అనగానే నలుపు తెలుపు పలకల బంతి కళ్లముందు మెదులుతుంది. ఆ బంతి ప్రపంచకప్‌లోకి వచ్చింది 1970లో. రిఫరీ చేతిలో ఎర్ర కార్డు పెట్టినా తప్పే. కార్డులు చూపించే పద్ధతి ప్రపంచకప్‌లో మొదలైంది కూడా ఆ 1970 పోటీల్లోనే.

ఒక్క బొమ్మలో మూడు చోట్ల కాలు జారే అవకాశం ఉంది. రచయిత రాసిన వాక్యాల్లో మాత్రం ఒక్క తప్పూ లేదు. రచయిత పరిశోధన చేస్తారు, చిత్రకారులు దానికి అందం అద్దుతారు అనే పని పంపకం చాలా ప్రచురణల్లో ఇంకా నడుస్తోంది. నిజజీవిత కథల విషయంలో ఆ పంపకం నిలబడదు. పుస్తకంలో ఎక్కువ వాస్తవాలను ప్రకటించేది బొమ్మే కాబట్టి, చిత్రకారులు ఆ జీవితానికి రెండో రచయితలు అవుతారు.

బొమ్మలో ‘బహుశా’ ఎలా చెప్పాలి?

వాక్యానికి జాగ్రత్త పడే వీలుంది. ‘అని చెబుతారు’, ‘బహుశా’, ‘ఒక కథనం ప్రకారం’ అంటూ తప్పుకోవచ్చు. బొమ్మకు అలాంటి వెసులుబాటు లేదు. గీసిందంటే జరిగిందన్నట్టే.

మహమ్మద్ అలీ కథ దీనికి మంచి ఉదాహరణ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ స్వర్ణం గెలిచి ఇంటికొచ్చాక, నల్లవాడన్న కారణంతో ఒక హోటల్లో తనకు తిండి పెట్టలేదని, ఆ కోపంతో పతకాన్ని ఒహాయో నదిలో విసిరేశానని ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. పతకం అసలు ఎక్కడో పోయిందని, విసిరేయడం కల్పితమని అన్నవాళ్లూ ఉన్నారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆయనకు బదులు పతకం ఇచ్చారు. ఇంతవరకు రాతలో చెప్పడం తేలికే. వంతెన మీద కుర్రాడు, గాల్లో మెరుస్తున్న పతకం, కింద నల్లటి నీళ్లు అని రెండు పేజీల నిండా బొమ్మ వేస్తే మాత్రం ఎనిమిదేళ్ల పాఠకుడికి ఇక సందేహం మిగలదు. వాడి దృష్టిలో అది జరిగిపోయింది.

దీనికి చిత్రకారులు వాడే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. సంఘటనను నేరుగా చూపకుండా, ఆ మనిషి దాన్ని ఎవరికో చెబుతున్నట్టు వేయడం ఒకటి. పుస్తకం చివర పెద్దల కోసం వివరణ చేర్చడం ఇంకొకటి. మూడోది, అన్నిటికన్నా నికార్సైనది: ఆ ఒక్క దృశ్యానికి బొమ్మ తీరే మార్చేయడం. మిగతా పుస్తకమంతా నిండు రంగుల్లో ఉండి, చెప్పుకునే కథ దగ్గర మాత్రం ఉత్త పెన్సిల్ గీతలోనో, ఒకే రంగులోనో సాగితే, ఇది వేరే తరహా మాట అని చివరి పేజీ వివరణ చదవని పిల్లలకు కూడా అందుతుంది.

పాత ఫొటో చెప్పే అబద్ధం

సందేహం వస్తే ఫొటో చూసుకోవచ్చు కదా అనిపిస్తుంది. పాత ఫొటోలు మనం అనుకున్నంత నమ్మకమైన సాక్షులు కావు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో విరివిగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు రంగు కనిపించదు, నీలం మాత్రం అతిగా సోకుతుంది. దాంతో ఎర్ర జెర్సీ దాదాపు నల్లగా, నీలం జెర్సీ పాలిపోయి తెల్లగా పడుతుంది. ఆ ఫొటో చూసి ‘ముదురు రంగు’, ‘లేత రంగు’ అని ఊహించి వేస్తే మొత్తం తారుమారవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ఫొటోతో పాటు ఆనాటి పత్రికల వర్ణనలు, మ్యూజియంలో మిగిలిన బట్టలు, క్లబ్బుల రికార్డులు దగ్గర పెట్టుకుంటారు.

రంగు ఒక్కటే కాదు, ఆట జరిగే నేల, వాడే సామాన్లు కూడా కాలంతో మారిపోయాయి. ధ్యాన్‌చంద్ కాళ్ల కింద కృత్రిమ టర్ఫ్ పరిస్తే తప్పు. 1976 మాంట్రియల్‌కు ముందు ఒలింపిక్ హాకీ గడ్డి మీదే ఆడారు. 1936 బెర్లిన్‌లో జెస్సీ ఓవెన్స్ పరుగు మొదలుపెట్టింది స్టార్టింగ్ బ్లాకుల మీంచి కాదు, బొగ్గు రవ్వ ట్రాక్‌లో చిన్న పారతో తవ్వుకున్న గుంటల్లోంచి. ఒలింపిక్స్‌లోకి బ్లాకులు వచ్చింది 1948లో, సింథటిక్ ట్రాక్ వచ్చింది 1968లో. అదే 1968లో డిక్ ఫాస్‌బరీ వీపు కిందికి పెట్టి కర్ర దాటి హైజంప్ గెలిచేదాకా ఆ భంగిమ ప్రపంచానికి కొత్త. వింబుల్డన్‌లో 1985 వరకు బంతి తెల్లనిదే.

ఈ వివరాలు పండితుల కోసం మాత్రమే అనుకోవడం పొరపాటు. ఓవెన్స్ గుంట తవ్వుకుంటున్న బొమ్మ ఒకటి వేస్తే చాలు. మట్టి అంటిన వేళ్లు, పక్కన చిన్న పార, పాదం కొలతకు సరిచూసుకుంటున్న తీరు చూసిన పిల్లలకు ఆ కాలం మొత్తం ఒక్కసారిగా అర్థమవుతుంది. చరిత్ర పాఠం చెప్పాల్సిన పని రచయితకు తప్పుతుంది.

ముప్ఫై రెండు పేజీల్లో ముప్ఫై ఏళ్లు

బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు. పెద్ద కాగితం మీద అచ్చేసి మడతపెడితే 8 లేదా 16 పేజీల లెక్కన కట్టలు తయారవుతాయి కాబట్టి పేజీల సంఖ్య ఆ గుణిజాల్లోనే ఉంటుంది. 40, 48 పేజీల పుస్తకాలూ ఉన్నాయి. పేరు పేజీ, హక్కుల పేజీ, చివరి వివరణ పోగా కథకు మిగిలేవి పన్నెండు, పద్నాలుగు స్ప్రెడ్‌లు. స్ప్రెడ్ అంటే ఎదురెదురు పేజీలు రెండూ కలిపి.

ఇక్కడే క్రీడాజీవితానికి, బొమ్మల పుస్తకానికి పొసగని గుణం ఒకటి బయటపడుతుంది. ఆట నేర్చుకోవడమంటే ఒకే పనిని వేలసార్లు చేయడం. బొమ్మల పుస్తకమేమో పేజీ తిప్పిన ప్రతిసారీ కొత్తది కోరుతుంది. ఈ తగువులో ఓడిపోయేది ఎప్పుడూ సాధనే. పేదరికం ఒక పేజీ, పట్టుదల ఒక పేజీ, ఆ వెంటనే స్టేడియం అని కథ నడిస్తే, పతకం ఊరికే వచ్చిపడినట్టు ఉంటుంది. ఇది బొమ్మల కొరత కన్నా పెద్ద లోపం, ఎందుకంటే కష్టం ఎలా ఉంటుందన్నదే ఆ పుస్తకం పిల్లలకు చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి.

దీనికి పాత పరిష్కారం ఒకటి ఉంది. 1880లలో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మరే ఒకే ఫొటో పలక మీద ఒక మనిషి కదలికలన్నీ వరసగా పడేలా చిత్రాలు తీశాడు. ఆ పద్ధతిలో ఒక స్ప్రెడ్ మీద అదే అమ్మాయిని పాతిక చోట్ల చిన్నచిన్నగా వేయవచ్చు. పై వరసలో తెల్లవారుజాము వెలుగు, కింది వరసకు ఎండ, చివరి వరసకు పొడవాటి నీడలు. అదే అడుగు, అదే చెయ్యి విసురు, మారేది వెలుతురు ఒక్కటే. నెలల సాధన ఒక పేజీలో ఇమిడిపోతుంది, విసుగూ రాదు.

పుస్తకం మధ్య మడత సంగతి కూడా చెప్పుకోవాలి. కుట్టులోకి కొన్ని మిల్లీమీటర్ల బొమ్మ మాయమైపోతుంది. ముఖం, బంతి, జెర్సీ నంబరు అక్కడ పడకూడదు.

పరుగు ఎటు నుంచి ఎటు?

ఎడమ నుంచి కుడికి చదివే భాషల్లో పేజీ తిప్పేది కుడి అంచు దగ్గర. కుడివైపు కదులుతున్న మనిషి ముందుకు పోతున్నట్టు, ఎడమవైపు తిరిగిన మనిషి వెనక్కి వస్తున్నట్టు లేదా దేన్నో ఎదుర్కొంటున్నట్టు అనిపిస్తుంది. అందుకే గెలుపు పరుగులన్నీ కుడివైపే సాగుతాయి. అథ్లెటిక్స్ ట్రాక్ ఇందుకు చక్కగా సహకరిస్తుంది. పరుగు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో సాగుతుంది కాబట్టి, గ్యాలరీలో కూర్చుని తన ముందున్న లేన్లను చూసే ప్రేక్షకుడికి రన్నర్లు ఎడమ నుంచి కుడికే వెళ్తారు. అదే మైదానం లోపల నిలబడి చూస్తే కుడి నుంచి ఎడమకు. అంటే దిక్కు ఎంచుకోవడంతోనే చూసేవాళ్లు ఎక్కడున్నారన్నది కూడా తేలిపోతుంది. రన్నర్ల వెనకే దగ్గరగా గ్యాలరీ జనం కనిపిస్తున్నారంటే కన్ను మైదానం లోపల ఉన్నట్టు. అప్పుడు దగ్గరి లేన్లలో రన్నర్లను కుడివైపు పరుగెత్తిస్తే వాళ్లు ట్రాక్ మీద తప్పుదారిలో పోతున్నట్టే. చూడటానికి ఎంత అందంగా ఉన్నా ఇలాంటి బొమ్మను ఆట తెలిసిన పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

పుస్తకాన్ని అరబిక్, ఉర్దూ వంటి కుడి నుంచి ఎడమకు సాగే భాషల్లోకి మార్చేటప్పుడు సమస్య ఇంకో రూపంలో వస్తుంది. కథ దిశ కోసం బొమ్మను అద్దంలోలా తిప్పేస్తే నంబర్లు ఎడమకుడి తారుమారవుతాయి, కుడిచేతి బ్యాటర్ ఎడమచేతి వాటం అయిపోతాడు. చేతివాటంలో చిక్కులు తిప్పకపోయినా ఉంటాయి. సచిన్ టెండూల్కర్ బ్యాటింగ్ కుడిచేత్తో, రాత ఎడమచేత్తో. ఆటోగ్రాఫ్ ఇస్తున్న బొమ్మలో ఆ సంగతి గుర్తుండాలి.

సెకనులో వందో వంతును గీయడం

థియొడోర్ జెరికో 1821లో వేసిన గుర్రప్పందెం చిత్రంలో గుర్రాలు నాలుగు కాళ్లూ ముందుకీ వెనక్కీ చాచి గాల్లో తేలుతుంటాయి. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరస కెమెరాలతో తీసిన ఫొటోల్లో తేలిందేమిటంటే, దౌడులో నాలుగు కాళ్లూ నేల విడిచేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. కన్ను చూసింది తప్పని కెమెరా తేల్చింది. అయినా వేగం ఎందులో తెలుస్తోందని అడిగితే చాలామంది ఇప్పటికీ తప్పు బొమ్మనే చూపిస్తారు.

క్రీడా చిత్రకారుల రోజువారీ ఇబ్బంది ఇదే. పత్రికల ఫొటోల్లో సెకనులో వెయ్యో వంతులో బిగుసుకుపోయిన శరీరం ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించితే మనిషి దూకుతున్నట్టుండడు, గాల్లో వేలాడుతున్నట్టుంటాడు. జర్మన్ విమర్శకుడు లెసింగ్ 1766లోనే దీనికి సూత్రం చెప్పాడు: చిత్రకారుడికి దొరికేది ఒక్క క్షణమే గనక, ముందు జరిగిందీ తర్వాత జరగబోయేదీ రెండూ ఊహకు అందే క్షణాన్ని ఎంచుకోవాలి. ఆటలో అది సాధారణంగా శిఖర క్షణానికి కాస్త ముందు ఉంటుంది. బంతి బ్యాట్‌కు తగిలిన క్షణం కన్నా, బ్యాట్ పైకి లేచి భుజం తిరుగుతున్న క్షణంలో బలం ఎక్కువ.

కొన్ని కథల్లో ఆ క్షణం మరీ చిన్నది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లలో పరుగు ముగించింది. మూడో స్థానంలో నిలిచిన రుమేనియా రన్నర్ టైమింగ్ 55.41. సెకనులో వందో వంతు. ఉష సగటు వేగం సెకనుకు దాదాపు 7.2 మీటర్లు, కాబట్టి తేడా ఏడు సెంటీమీటర్ల పైచిలుకు. తెరిచిన పుస్తకం వెడల్పు 50 సెంటీమీటర్లు అనుకుంటే, అందులో చివరి 100 మీటర్లు చూపించాలంటే ఆ ఏడు సెంటీమీటర్లు పేజీ మీద మూడో వంతు మిల్లీమీటరుకు కుదించుకుపోతాయి. పెన్సిల్ గీత మందం కూడా లేదు. చివరి 20 మీటర్లే చూపినా రెండు మిల్లీమీటర్లకు లోపే.

అందుకని స్టేడియం, జనం, జెండాలు అన్నీ వదిలేసి దగ్గరికి వెళ్లడమొక్కటే దారి. నిబంధనల ప్రకారం ముగింపు గీత దగ్గర లెక్కలోకి వచ్చేది మొండెం మాత్రమే. తల, చేతులు, కాళ్లు కావు. రెండు మొండేలు, వాటి మధ్య అరచేతి వెడల్పు ఖాళీ, కింద తెల్ల గీత. అంతే వేస్తే ఏడు సెంటీమీటర్లు పేజీ మీద నిజంగానే ఏడు సెంటీమీటర్లుగా చూపొచ్చు. పిల్లలు దాని మీద తమ వేళ్లు పెట్టి కొలుచుకోవచ్చు. ఓటమిని ఇంత కచ్చితంగా, ఇంత గౌరవంగా చూపే అవకాశం మాటలకు లేదు.

ఇలా లెక్కపెట్టగలిగే సత్యం వెయిట్‌లిఫ్టింగ్‌లోనూ ఉంది. పోటీల్లో 25 కిలోల బిళ్ల ఎరుపు, 20 నీలం, 15 పసుపు, 10 ఆకుపచ్చ. 2000 సిడ్నీలో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి క్లీన్ అండ్ జర్క్‌లో ఎత్తింది 130 కిలోలు. మహిళల బార్ 15 కిలోలు, బిళ్లలు జారకుండా బిగించే రెండు కాలర్లు కలిపి 5. అవి పోగా ఒక్కో పక్క 55 కిలోలు: రెండు పెద్ద ఎర్ర బిళ్లలు, ఒక చిన్న 5 కిలోల బిళ్ల. అందం కోసం ఒక్కో పక్క నీలం బిళ్ల ఒకటి చేర్చితే ఆమె చేత 170 కిలోలు ఎత్తించినట్టే.

ముఖం, దేహం, జాలి

పోలిక కుదరడం మరో పరీక్ష. పుస్తకంలో అదే మనిషి ఐదేళ్ల పిల్లగా, పదిహేనేళ్ల అమ్మాయిగా, ముప్ఫై ఏళ్ల విజేతగా కనిపించాలి. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలైతే, ఐదేళ్ల పిల్లలది ఐదున్నర తలలకు అటూ ఇటూ. కొలతలన్నీ మారుతుంటే మారనిది ఒకటుండాలి: కనుబొమల వంపు, చెవుల తీరు, పళ్ల సందు, నిలబడే పద్ధతి. ముందుగా అన్ని వయసుల రూపాలనూ ఒకే కాగితం మీద వేసుకుని ఆ ఆనవాలును ఖాయం చేసుకుంటారు. ముదురు రంగు చర్మం విషయంలో అచ్చు సమస్య కూడా తోడవుతుంది. నల్ల సిరా ఎక్కువ కలిపితే కాగితం పీల్చుకుని ముఖకవళికలు మసకబారిపోతాయి. ఎరుపు, నీలం, ఊదా ఛాయలతో ఆ ముదురుదనం తెచ్చినవాళ్ల బొమ్మల్లోనే కళ్లు, చిరునవ్వు బతుకుతాయి.

ఇంతకన్నా లోతైన ప్రశ్న జాలి గురించి. చిన్నప్పుడు పోలియో వచ్చిన అమెరికా రన్నర్ విల్మా రుడాల్ఫ్ 1960 రోమ్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమె కాలికి కట్టిన లోహపు పట్టీని శత్రువులా, సంకెలలా వేసి, దాన్ని విసిరేయడమే గెలుపన్నట్టు చూపితే, ఇవాళ అలాంటి పట్టీతో నడుస్తున్న పిల్ల ఆ పేజీలో తనను ఎక్కడ చూసుకోవాలి? పట్టీతోనే తోబుట్టువుల మధ్య నవ్వుతున్న విల్మా బొమ్మ ఒకటి ముందుంటే మొత్తం పుస్తకం అర్థం మారుతుంది. అదే రోమ్‌లో మారథాన్ గెలిచిన ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా వట్టి పాదాలను కూడా చాలామంది పేదరికం గుర్తుగా చదువుతారు. ఆయన సాధన చేసిందే అలా. 1964 టోక్యోలో బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు. రోమ్‌లో పరుగు సాయంత్రం మొదలై చీకటి పడ్డాక ముగిసింది, దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టుకున్నారు. జాలి అక్కర్లేని బొమ్మ అక్కడే సిద్ధంగా ఉంది: రాతిదారి, కాగడాల వెలుగు, తొణకని ముఖం.

ఎవరి ఫొటో, ఎవరి పేరు

ఫొటో చూసి వేసిన బొమ్మ సొంత బొమ్మ అవుతుందా అన్న చర్చ 2023లో కొత్త మలుపు తిరిగింది. గాయకుడు ప్రిన్స్‌ను లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన ఫొటో ఆధారంగా చిత్రకారుడు ఆండీ వార్హోల్ చేసిన చిత్రాన్ని ఆయన ఫౌండేషన్ ఒక పత్రికకు లైసెన్స్ ఇచ్చిన వివాదంలో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఫొటోగ్రాఫర్ పక్షాన నిలిచింది. ఫొటో వాడకానికీ బొమ్మ వాడకానికీ ప్రయోజనం ఒకటే అయినప్పుడు శైలి మారిందన్న వాదన ఒక్కటే కాపాడలేదన్నది దాని సారం. దీని ప్రభావం క్రీడా పుస్తకాల మీద సూటిగా పడుతుంది, ఎందుకంటే ప్రసిద్ధమైన క్రీడా క్షణాలకు చాలాసార్లు ఒకే ఒక్క ప్రసిద్ధ ఫొటో ఉంటుంది. వేర్వేరు కోణాల ఫొటోలు, వీడియోలు చూసి కొత్త కోణంలో వేయడమే సురక్షితం. కళాపరంగానూ అదే మేలు.

క్రీడాకారుల రూపం మీద హక్కు వేరే సంగతి. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ చిత్రం విషయంలో 2003లో ఒక అమెరికా అప్పీళ్ల కోర్టు చిత్రకారుడి భావప్రకటన స్వేచ్ఛను సమర్థించింది. అన్ని దేశాల్లో చట్టం ఒకేలా లేదు. ఒలింపిక్ వలయాలకైతే 1981 నైరోబీ ఒప్పందం కింద ప్రత్యేక రక్షణ ఉంది. అందుకే చాలా పుస్తకాల్లో జెర్సీల మీద కంపెనీ గుర్తులు, వలయాలు కనిపించవు. ఇక క్రీడాకారుల లేదా కుటుంబ సభ్యుల అనుమతితో చేసిన పుస్తకానికి ఇంటి ఫొటోలు, జ్ఞాపకాలు దొరుకుతాయి, బదులుగా ఇబ్బందికరమైన పేజీలు పలచబడతాయి. ఏది దొరికిందో, ఏది వదులుకున్నారో చివరి పేజీలో రాయడం పాఠకుల పట్ల మర్యాద.

కృత్రిమ మేధ వేసే సగటు బొమ్మ

బొమ్మలు పుట్టించే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచన ప్రచురణకర్తలకు రావడం సహజం. ఈ తరహా పుస్తకాలకు వాటితో ఉన్న చిక్కు ఆరు వేళ్ల చెయ్యి వంటి వింతలు కాదు, అవి తగ్గుతున్నాయి. ఈ సాధనాలు తాము చూసిన లక్షల చిత్రాల్లో ఎక్కువగా కనిపించే రూపం వైపు మొగ్గుతాయి. బ్రెజిల్ అంటే పసుపు, ఫుట్‌బాల్ అంటే నలుపు తెలుపు పలకలు, పరుగు అంటే ముగింపు దగ్గర తెగే రిబ్బన్. జీవితకథలో విలువైనదేమో ఆ సాధారణ రూపానికి తప్పిపోయిన వివరం: ఆ ఒక్క రోజు వేసుకున్న నీలం జెర్సీ, ఆ ఒక్క పరుగులో లేని బూట్లు. ఎవరైనా ప్రతి వివరాన్నీ కూర్చుని సరిచూస్తే తప్ప ఈ తప్పులు బయటపడవు, ఎందుకంటే చూడ్డానికి బొమ్మలో ఏ లోటూ ఉండదు. ఆ సరిచూడటానికి పట్టే సమయం లెక్కవేస్తే ఆదా అనుకున్నది చాలావరకు కరిగిపోతుంది.

చిత్రకారులతో చేసినా, సాధనంతో చేసినా, తనిఖీ ఏ దశలో జరుగుతుందన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. పెన్సిల్ డమ్మీ (పేజీల వరసలో వేసుకున్న నమూనా పుస్తకం) దశలో ఆట ఆడినవాళ్లకో, కోచ్‌కో, ఆ ఆట చరిత్ర తెలిసినవాళ్లకో చూపిస్తే పట్టు, కాలి అడుగు, లేన్ దిక్కు వంటివి రబ్బరుతో చెరిపి సరిచేసుకోవచ్చు. రంగులు వేశాక అదే తప్పు దొరికితే స్ప్రెడ్ మొత్తం మళ్లీ వేయాలి. అందువల్ల రచయిత రాతప్రతితో పాటు తన ఆధారాల జాబితాను, ఫొటోలను, తారీకులను మొదటి రోజే చిత్రకారులకు అందించడం, పరిశోధనకు పట్టే వారాలను కూడా పారితోషికంలో లెక్కగట్టడం ఒప్పందంలోనే ఉండాలి.